కాలేజీ ఫుట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ అవ్వాలంటే: ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పిల్లలకు శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్, శనివారం పొద్దున్నుంచీ టీవీలో కాలేజీ మ్యాచ్‌లు అలవాటైపోయాయి. వాళ్లలో కొందరు "అన్నా, కోచింగ్‌లోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని మెసేజ్‌లు పెడుతున్నారు, వాళ్ల అమ్మానాన్నలేమో "బాబూ, దీంట్లో బతుకుతెరువు ఉంటుందా?" అని ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్తే సగం మర్చిపోతున్నాను, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. నేను టెక్సాస్‌లో స్టూడెంట్ అసిస్టెంట్‌గా మొదలై, మాస్టర్స్ చదువుతూ పనిచేసి, ఇప్పుడు ఒక చిన్న కాలేజీలో లైన్‌బ్యాకర్లకు (డిఫెన్స్‌లో ముందు వరస వెనక నిలబడేవాళ్లు) కోచ్‌గా ఉన్నాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ అనే చదువుకోండి.

1. ముందు మెట్లు చూసుకోండి

కింది నుంచి పైకి మామూలుగా ఉండే వరస ఇది.

- స్టూడెంట్ అసిస్టెంట్: డిగ్రీ చదువుతూ టీమ్‌కి చేసే పని. జీతం ఉండదు, ఉన్నా నామమాత్రం.
- గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అందరూ జీఏ అంటారు: మాస్టర్స్‌లో చేరి చేసే పని. చాలాచోట్ల ఫీజు మాఫీ, కొంచెం స్టైపెండ్.
- క్వాలిటీ కంట్రోల్ లేదా ఎనలిస్ట్: చదువుతో ముడిపడని ఉద్యోగం. ఫిల్మ్, రిపోర్టులు, గేమ్ ప్లాన్ కాగితాలు.
- పొజిషన్ కోచ్: క్వార్టర్‌బ్యాకులు, రిసీవర్లు, డిఫెన్సివ్ లైన్, ఇలా ఒక గుంపు మీ చేతిలో ఉంటుంది. అసిస్టెంట్ కోచ్ అని జనం అనేది ఈయన్నే.
- కోఆర్డినేటర్: అఫెన్స్ మొత్తం, డిఫెన్స్ మొత్తం, లేదా స్పెషల్ టీమ్స్ (కిక్‌లప్పుడు దిగే జట్లు).

అన్నింటికన్నా పై స్థాయి అయిన ఎఫ్‌బీఎస్‌లో 2018 నుంచి 10 మంది అసిస్టెంట్ కోచ్‌లే ఉండాలి, ఎనలిస్టులు గ్రౌండ్ మీద ఆటగాళ్లకు పాఠం చెప్పకూడదు అన్న రూల్ నడిచింది. 2024 జూన్‌లో, కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఆ అడ్డు తీసేసింది. ఇప్పుడు ఎనలిస్ట్ కూడా ప్రాక్టీస్‌లో నేర్పించవచ్చు, కానీ ఊళ్లు తిరిగి రిక్రూట్ చేసే హక్కు మాత్రం హెడ్ కోచ్‌కీ ఆ 10 మందికీ మాత్రమే. అంటే మీరు టైటిల్ కోసం ఎదురుచూడకుండా నేర్పే అనుభవం తెచ్చుకునే దారి ఇప్పుడు ఇదివరకటికన్నా వెడల్పుగా ఉంది.

ఇంకోమాట, ఈ మెట్లు అందరూ ఒక్కొక్కటీ పైకే ఎక్కరు. కర్బీ స్మార్ట్ 2001లో డివిజన్ 2 (కింది స్థాయి) కాలేజీ వాల్డోస్టా స్టేట్‌లో డిఫెన్సివ్ కోఆర్డినేటర్. మరుసటి ఏడాది ఆ పదవి వదిలేసి ఫ్లోరిడా స్టేట్‌లో జీఏగా చేరాడు. టైటిల్ మూడు మెట్లు కిందికి, నేర్చుకునే చోటు మాత్రం నాలుగు మెట్లు పైకి. 2004లో ఎల్‌ఎస్‌యూ, ఆ తర్వాత అలబామా, 2015 చివర్లో జార్జియా హెడ్ కోచ్. మీకు అలాంటి అవకాశం వచ్చినప్పుడు "ఇప్పుడు వెనక్కి వెళ్లడమేంటి" అని ఆగిపోకండి.

2. నేను ఆడలేదు, కుదురుతుందా?

కుదురుతుంది, కానీ ఎక్కువ కష్టపడాలి. మైక్ లీచ్ కాలేజీ ఫుట్‌బాల్ ఆడలేదు. పెప్పర్‌డైన్‌లో లా చదివి, 1987లో కాల్ పాలీలో అసిస్టెంట్‌గా మొదలై, మధ్యలో ఫిన్లాండ్‌లో కూడా ఒక టీమ్‌కి కోచ్‌గా చేసి, టెక్సాస్ టెక్ హెడ్ కోచ్ అయ్యాడు.

ఆడనివాళ్లకు లోటు ఎక్కడ కనిపిస్తుందంటే మాటల్లో కాదు, కాళ్లలో. గార్డు (అఫెన్స్ ముందు వరసలో అడ్డుకునేవాడు) మొదటి అడుగు ఎటు వేయాలి, చెయ్యి ఎక్కడ తగలాలి, తుంటి ఎప్పుడు తిప్పాలి, ఇవి ఆడినవాడికి ఒంట్లో ఉంటాయి. మీరు అది విడిగా నేర్చుకోవాలి. ఏదో ఒక పొజిషన్ తీసుకోండి, దాని డ్రిల్స్ మీరే చేసి చూడండి, ఫోన్‌లో వీడియో తీసుకుని మీ అడుగుల్ని మంచి ఆటగాడి అడుగులతో పోల్చుకోండి. ఆరు నెలలు ఇలా చేసినవాడు ఇంటర్వ్యూలో లేచి నిలబడి చూపించగలడు.

3. చదివే కాలేజీలోనే తలుపు తట్టండి

లింకన్ రైలీ టెక్సాస్ టెక్‌లో స్కాలర్‌షిప్ లేని క్వార్టర్‌బ్యాక్. ఆడే అవకాశం లేదని తేలాక 2003లో అక్కడే స్టూడెంట్ అసిస్టెంట్ అయ్యాడు, 2017కి ఒక్లహోమా హెడ్ కోచ్. అంత వేగం అందరికీ రాదు, మొదలుపెట్టిన చోటు చూడండి చాలు.

హెడ్ కోచ్‌కి మెయిల్ పెట్టకండి, ఆయన చదవడు. టీమ్ వెబ్‌సైట్‌లో స్టాఫ్ లిస్టు తీసి, డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ ఆపరేషన్స్‌కీ, మీకు ఇష్టమైన పొజిషన్ కోచ్‌కీ పెట్టండి. ఫిబ్రవరి మొదటి వారం దాటాక పెట్టండి, అప్పటికి కొత్త ఆటగాళ్ల సంతకాల హడావుడి తగ్గుతుంది, స్ప్రింగ్ ప్రాక్టీస్‌కి చేతులు కావాలి.

మెయిల్ ఐదు వరసలు దాటకూడదు. మీరెవరు, ఏం చదువుతున్నారు, వారంలో ఏ రోజు ఏ గంటలు ఖాళీ, ఏం పని వచ్చు, ఒక నమూనా. "నాకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం" అన్న వాక్యం కొట్టేయండి, ఆ ఇన్‌బాక్స్‌లో అందరూ అదే రాస్తారు. దాని బదులు మీరు చేసిన ఒక మ్యాచ్ బ్రేక్‌డౌన్ జతచేయండి. అదెలాగో కింద చెప్తాను.

వెళ్లే ముందు ఇవి సరిచూసుకోండి:

- ప్రాక్టీస్ గంటల్లో క్లాసులు పడకుండా టైమ్‌టేబుల్
- ఎక్సెల్, పవర్‌పాయింట్, విజియో. బొమ్మలు గీయడానికి చాలా స్టాఫులు విజియోనే వాడతారు
- హడ్ల్‌లో (మ్యాచ్ వీడియోల సాఫ్ట్‌వేర్) క్లిప్ కత్తిరించడం, ట్యాగ్ చేయడం
- జీపీఏ, తర్వాత జీఏ కావాలంటే మాస్టర్స్ సీటు రావాలిగా

మొదటి రెండు నెలలూ మీకు కోన్లు పెట్టడం, బంతులు మోయడం, ప్రింటర్ దగ్గర నిలబడటమే పని. అక్కడే మిమ్మల్ని చూస్తారు. ప్రాక్టీస్‌లో ఒక పీరియడ్ అయిపోగానే తర్వాతి డ్రిల్‌కి కోన్లు అప్పటికే సిద్ధంగా ఉంటే ఆ కుర్రాడి పేరు కోచ్‌కి గుర్తుంటుంది.

4. ఫిల్మ్ బ్రేక్‌డౌన్: దీన్ని వదిలేసి ఏదీ నేర్చుకోకండి

ఈ గైడ్‌లో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మీకు ఉద్యోగం ఇచ్చేది మీ ఉత్సాహం చూసి కాదు, మీరిచ్చిన డేటా నమ్మి గేమ్ ప్లాన్ రాసుకోగలనన్న ధీమా కలిగితేనే.

బ్రేక్‌డౌన్ అంటే ప్రత్యర్థి ఆడిన ప్రతి ప్లేనీ ఒక వరసగా టేబుల్‌లో రాయడం. ఒక్క ప్లే తీసుకుందాం. మూడో డౌన్ (10 గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా 6 గజాలు కావాలి. బంతి సొంత వైపు 38 గజాల గీత మీద, అంటే మైనస్ 38. కుడి హ్యాష్ (మైదానం పొడవునా ఉండే రెండు గుర్తుల వరసల్లో కుడిది). అఫెన్స్ 11 పర్సనెల్, అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్. టైట్ ఎండ్‌తో కలిపి పాస్ అందుకునేవాళ్లు ముగ్గురు ఎడమవైపు, ఒక్కడు కుడివైపు. మోషన్ లేదు, అంటే బంతి కదలకముందు ఎవరూ చోటు మారలేదు. క్వార్టర్‌బ్యాక్ షాట్‌గన్‌లో, అంటే బంతికి కొన్ని గజాలు వెనక. డిఫెన్స్ నలుగురు లైన్‌మెన్, వెనక ఇద్దరు సేఫ్టీలు (చివరి వరస డిఫెండర్లు) లోతుగా కనిపిస్తున్నారు, కానీ బంతి కదలగానే ఒక సేఫ్టీ కిందికి దిగాడు, నికెల్ బ్యాక్ (ఐదో డిఫెన్సివ్ బ్యాక్) బ్లిట్జ్‌కి, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకు వచ్చాడు, మిగిలినవాళ్లు మనిషికి మనిషి పట్టుకున్నారు. కాబట్టి కవర్ 1 (లోతుగా మిగిలింది ఒక్క సేఫ్టీ), బ్లిట్జ్ నికెల్. ఫలితం: పాస్ అందింది, 8 గజాలు.

చూశారుగా, బంతి కదలకముందు కనిపించింది రాస్తే కవర్ 2 అని తప్పు రాసేవాళ్లు. కొత్తవాళ్లందరూ ఇక్కడే బోల్తా పడతారు.

ఇలా ఒక టీమ్‌వి నాలుగు మ్యాచ్‌లు చేస్తే దాదాపు 250 నుంచి 300 ప్లేలు. అవి పూర్తయ్యాకే "మూడో డౌన్‌లో 5 నుంచి 7 గజాలు ఉంటే, హ్యాష్ మీద బంతి ఉంటే, వీళ్లు వెడల్పు వైపు నుంచి బ్లిట్జ్ పంపుతారు" లాంటి మాట చెప్పగలం. కోఆర్డినేటర్‌కి కావాల్సింది ఆ మాటే.

చేసే వరస:

- మొదటిసారి చూసినప్పుడు డౌన్, దూరం, హ్యాష్, గజాల గీత మాత్రమే నింపండి. దేన్నీ ఆలోచించకండి.
- రెండోసారి పర్సనెల్, ఫార్మేషన్, మోషన్.
- మూడోసారి సైడ్‌లైన్ యాంగిల్‌లో కవరేజ్, ఎండ్‌జోన్ యాంగిల్‌లో ఫ్రంట్ (ముందు వరస), బ్లిట్జ్.
- అర్థం కాని ప్లేకి ఊహించి రాయకండి. గుర్తు పెట్టి కోచ్‌ని అడగండి.

చివరిదాన్ని గట్టిగా చెప్తున్నాను. మొహమాటపడి ఊహించి నింపిన పది గళ్లు మొత్తం రిపోర్టుని పాడుచేస్తాయి. మొదటి మ్యాచ్‌కి నాకు 7 గంటలు పట్టింది, సీజన్ అయ్యేసరికి రెండున్నర గంటల్లో అయ్యేది. వేగం దానంతటదే వస్తుంది, ముందు తప్పుల్లేకుండా చేయడం రావాలి.

ఇంకొకటి, ఒకే ఫార్మేషన్‌ని (ఆటగాళ్లు నిలబడే తీరు) ఒక టీమ్ ట్రిప్స్ అంటే ఇంకో టీమ్ ఇంకోటి అంటుంది. వెళ్లిన మొదటి వారంలోనే అక్కడి పేర్ల పట్టిక తెచ్చుకుని బట్టీ కొట్టండి.

5. స్కౌట్ కార్డులు

ప్రాక్టీస్‌లో మన రెండో జట్టు కుర్రాళ్లు ప్రత్యర్థిలా ఆడి మన మొదటి జట్టుని సిద్ధం చేస్తారు. వాళ్లకు ఎవరు ఎటు పరిగెత్తాలో చూపించే బొమ్మే స్కౌట్ కార్డు. హడిల్‌లో (ప్లేకి ముందు ఆటగాళ్లు గుమిగూడే చోట) మీరు పైకెత్తి పట్టుకుంటారు, వాళ్లు ఐదారు సెకన్లు చూసి వెళ్లి నిలబడతారు. కాబట్టి ముదురు గీతలు, పెద్ద బొమ్మ, తక్కువ మాటలు.

నేను జీఏగా ఉన్న మొదటి సీజన్‌లో ఒక మంగళవారం కార్డులో పుల్లింగ్ గార్డు (తన చోటు వదిలి పక్కకి పరిగెత్తి అడ్డుకునే గార్డు) గీత వేయడం మర్చిపోయాను. కుర్రాడు కదలకుండా నిలబడ్డాడు. మా లైన్‌బ్యాకర్ చూసేదే ఆ గార్డుని, అతను కదలకపోయేసరికి వీడూ కదల్లేదు, రన్నర్ పక్కనుంచి వెళ్లిపోయాడు. కోఆర్డినేటర్ విజిల్ వేసి ప్రాక్టీస్ ఆపి, నా చేతిలో కార్డు తీసుకుని, "ఈ గార్డు శనివారం ఇక్కడే నిలబడతాడా?" అని అడిగాడు. కేకలేయలేదు. కానీ ఆ పీరియడ్‌లో మాకు ఉన్నవే 12 ప్లేలు, అందులో ఒకటి నావల్ల పోయింది, ఆ రన్ ప్లే ఎలా వస్తుందో మా వాడు ఆ వారం చూడనే లేదు.

అప్పటి నుంచి ప్రింట్ ఇచ్చేముందు ఇవి చూస్తాను:

- కార్డుకి 11 మంది ఉన్నారా? వేలు పెట్టి లెక్కపెట్టండి.
- ప్రతి ఒక్కరికీ గీత ఉందా?
- ప్రాక్టీస్ స్క్రిప్ట్‌లో (ఆ రోజు ఆడే ప్లేల జాబితా) ఉన్న హ్యాషే కార్డులో ఉందా?
- కార్డుల వరస స్క్రిప్ట్ వరసతో కలుస్తోందా?
- ప్లాస్టిక్ కవర్లలో పెట్టారా? వాన పడితే ఇంకు కారిపోతుంది.
- ఇంకొకరి చేత ఒకసారి చూపించారా?

6. జీఏ సీటు ఎప్పుడు, ఎలా

నోటీసు వేసి దరఖాస్తులు పిలిచి ఇచ్చే సీట్లు తక్కువ. డిసెంబర్, జనవరిలో స్టాఫులు మారినప్పుడు "నీకు తెలిసిన మంచి కుర్రాడెవరైనా ఉన్నాడా" అని ఒక కోచ్ ఇంకో కోచ్‌కి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్‌లో మీ పేరు రావాలి. అందుకే మాస్టర్స్ దరఖాస్తు, ట్రాన్స్‌క్రిప్టులు నవంబర్‌కే సిద్ధంగా ఉంచుకోండి. సీటు ఖాయమయ్యాక అడ్మిషన్ గడువు దాటిపోయి పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ప్రతి జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సదస్సు జరుగుతుంది. వెళ్లండి, కానీ హోటల్ లాబీలో పేరున్న కోచ్‌ల చుట్టూ తిరిగి రెజ్యూమెలు పంచకండి. మీలాంటి జీఏలతో, చిన్న కాలేజీ కోచ్‌లతో కూర్చోండి. మరో ఐదేళ్లలో ఉద్యోగాలిచ్చేది వాళ్లే. ఖాళీల కబుర్లకు ఫుట్‌బాల్‌స్కూప్ సైట్, ప్రకటనలకు ఎన్‌సీఏఏ మార్కెట్ రోజూ చూడండి.

రెండుచోట్ల అవకాశం వస్తే ఏది తీసుకోవాలి? హెల్మెట్ మీద గుర్తు చూడకండి, మీరు ఎవరి గదిలో కూర్చుంటారో చూడండి. మీకు నేర్పే ఓపిక ఉన్న పొజిషన్ కోచ్, వేరేచోటికి వెళ్లినప్పుడు తన మనుషుల్ని వెంట తీసుకెళ్లే అలవాటున్నవాడు, అలాంటివాడి దగ్గర రెండేళ్లు చేస్తే మీ దారి పడుతుంది. ఆయన దగ్గర ఇదివరకు చేసిన జీఏలు ఇప్పుడు ఎక్కడున్నారో వెతకండి, పది నిమిషాల పని.

ఎఫ్1 వీసా మీద ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఒక జాగ్రత్త. క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలి. జీఏ పని సీజన్‌లో ఉదయం 6కి మొదలై రాత్రి 10 దాకా సాగుతుంది. "మిగతాది ఊరికే చేస్తున్నానులే" అనుకుంటే చిక్కుల్లో పడతారు. చేరకముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి వెళ్లి గంటల సంగతి రాతపూర్వకంగా తేల్చుకుని, ఆ కాగితం కోచ్‌కి చూపించండి. తర్వాత యూనివర్సిటీ ఉద్యోగాలకు హెచ్1బీ లాటరీ లేకపోవడం మీకు అనుకూలమే, కానీ చిన్న కాలేజీలు ఒక అసిస్టెంట్ కోచ్ కోసం ఆ ఖర్చు పెట్టుకోవడానికి వెనకాడతాయి. ఆ ప్రశ్న మొదటి ఇంటర్వ్యూలోనే అడిగేయండి.

7. మొదటి ఫుల్‌టైమ్ ఉద్యోగం

అది ఎక్కువగా దొరికేది కింది స్థాయిల్లో: డివిజన్ 2, డివిజన్ 3, ఎన్‌ఏఐఏ (ఎన్‌సీఏఏ కాకుండా చిన్న కాలేజీల వేరే సంఘం), జూనియర్ కాలేజీలు. ఇక్కడ జీతం తక్కువ, కొన్నిచోట్ల పార్ట్‌టైమే, బట్టలు ఉతకడం నుంచి బస్సు బుక్ చేయడం దాకా మీదే. కానీ మీ గది మీది, మీ ఆటగాళ్లు మీవాళ్లు, శనివారం మీరు నేర్పింది కళ్లముందు కనిపిస్తుంది. కేలెన్ డిబోర్ అప్పట్లో ఎన్‌ఏఐఏలో ఉన్న సూ ఫాల్స్ అనే కాలేజీలో ఐదేళ్లు హెడ్ కోచ్‌గా 67 గెలిచి 3 ఓడాడు, ఆ తర్వాత మళ్లీ అసిస్టెంట్‌గా సదరన్ ఇల్లినాయ్, ఈస్టర్న్ మిషిగన్, ఫ్రెస్నో స్టేట్, ఇండియానా తిరిగి, 2024లో అలబామా హెడ్ కోచ్ అయ్యాడు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. హైస్కూల్ టీచర్‌గా చేరి కోచింగ్ చేయడం. జెఫ్ ట్రేలర్ గిల్మర్ హైస్కూల్ నుంచి 2015లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి, జోయీ మెగ్వైర్ సీడర్ హిల్ హైస్కూల్ నుంచి 2017లో బేలర్‌కి అసిస్టెంట్లుగా వెళ్లారు, ఇద్దరూ తర్వాత హెడ్ కోచ్‌లయ్యారు. రిక్రూటింగ్‌లో హైస్కూల్ కోచ్‌లతో పరిచయం బంగారంతో సమానం, అందుకే కాలేజీలు వీళ్లను తీసుకుంటాయి. "బతుకుతెరువు" గురించి అడిగే అమ్మానాన్నలకు నేను ముందు చెప్పేది ఈ దారే. టీచర్ జీతం, ఇన్సూరెన్స్ ఉంటాయి.

8. ఇంటర్వ్యూలో బోర్డు దగ్గర

మీకు మార్కర్ ఇచ్చి "కవర్ 3లో నీ లైన్‌బ్యాకర్లకు ఏం నేర్పుతావు?" అంటారు. మొత్తం స్కీమ్ గీసి చూపించాలని ఆత్రపడకండి. ఒక పొజిషన్, ఒక పని, ఈ వరసలో: ఎక్కడ నిలబడాలి, దేన్ని చూడాలి, మొదటి అడుగు, ఎవరిని వదలకూడదు, ఇది నేర్పడానికి నేను చేయించే రెండు డ్రిల్స్. ఆ తర్వాత ఆ డ్రిల్ వీడియో చూపించండి.

ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి విరుగుడు:

- పాత కోచ్ గురించి చెడుగా మాట్లాడటం. ఈ రంగం చాలా చిన్నది, సాయంత్రానికల్లా ఆయనకు తెలిసిపోతుంది. అక్కడ ఏం నేర్చుకున్నారో చెప్పండి.
- తెలియని ప్రశ్నకి అల్లుకుపోవడం. "మేము దాన్ని వాడలేదు, మీరు ఎలా నేర్పుతారు?" అనండి.
- రిక్రూటింగ్ గురించి సిద్ధపడకపోవడం. ఏ జిల్లాల్లో, ఏ స్కూళ్లలో మీకు తెలిసిన కోచ్‌లు ఉన్నారో లిస్టు తీసుకెళ్లండి.

9. హెడ్ కోచ్‌ని తీసేస్తే

జరుగుతుంది. మీ గుంపు బాగా ఆడినా, మీ తప్పు ఏమీ లేకపోయినా, హెడ్ కోచ్ పోతే స్టాఫంతా పోతుంది. 2000 సీజన్ తర్వాత అలబామాలో అలాగే డాబో స్వినీ ఉద్యోగం పోయింది. రెండేళ్లు రియల్ ఎస్టేట్ కంపెనీలో పనిచేశాడు. 2003లో క్లెమ్సన్‌కి రిసీవర్ల కోచ్‌గా పిలిచింది పాత పరిచయం ఉన్న టామీ బౌడెన్. 2008 అక్టోబర్‌లో బౌడెన్ దిగిపోతే తాత్కాలిక హెడ్ కోచ్ అయ్యాడు, తర్వాత రెండు జాతీయ టైటిళ్లు గెలిచాడు.

అందుకే నవంబర్ మొదట్లోనే ఇవి చేసి పెట్టుకోండి, టీమ్ గెలుస్తున్నా సరే:

- ఒప్పందం ఏ తేదీతో ముగుస్తుంది, తీసేస్తే ఎన్ని నెలల జీతం వస్తుంది, చదివి రాసుకోండి
- ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుందో హెచ్‌ఆర్‌లో అడగండి
- మీ డ్రిల్ వీడియోలు, మీరు తయారుచేసిన పాఠాలు సొంత డ్రైవ్‌లో ఉంచండి; టీమ్ ప్లేబుక్, రిక్రూటింగ్ ఫైళ్లు మాత్రం తీసుకెళ్లకండి, అవి మీవి కావు
- మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి
- ఇంటి అద్దె ఒప్పందంలో ముందే ఖాళీ చేసే షరతు రాయించుకోండి
- ఫోన్ చేయాల్సిన 20 మంది పేర్లు, మొదట ఎవరికో ఆ వరసలో

వార్త వచ్చిన రోజు ఆ లిస్టు ముట్టుకోవద్దు. ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి, తర్వాత మీ ఆటగాళ్లను గదిలో కూర్చోబెట్టి మీ నోటితోనే చెప్పండి, వాళ్లు ఫోన్‌లో చదివి తెలుసుకోకూడదు. మర్నాడు పొద్దున 8 గంటలకి మొదటి పేరుకి ఫోన్ చేయండి.